పలక చట్రం

కృష్ణపట్నం రేవులో మిషన్లు దిగాక
మిగిలిన పెట్టెల చెక్క
లారీ ఎక్కి మార్కాపురం వస్తుంది.
కిలోల లెక్కన కొంటాడు మా యజమాని.
మేకులు పీకి, చీల్చి, చిత్రిక పట్టి
పలకలకు చట్రాలు బిగిస్తాం మేము.

ఇదేం మానని అడిగితే
"పైనో ఏందో" అన్నాడు డ్రైవరు.
పైన అనే అనుకున్నా నేను,
ఎక్కడో కొండ పైన అని.
తర్వాత తెలిసింది, పెద్ద తప్పేం కాదని.

ప్రతి చెక్క మీదా కాల్చిన ముద్ర,
గోధుమ కంకి బొమ్మ.
పురుగు చావాలని వేడి గదిలో పెట్టారట.
పుట్టినప్పటినుంచి మంచులో నిలబడిన దాన్ని
మా ఊరి ఎండకు
ముందే అలవాటు చేసి పంపినట్టు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.
అడ్డకోత మీద గీతలు లెక్కపెట్టాను,
వెడల్పు లేతది, సన్న ముదురుది,
మళ్ళీ వెడల్పు, మళ్ళీ సన్న.
సన్న గీత చలికాలమట,
హైస్కూలు సైన్సు అయ్యవారు చెప్పాడు:
మోకాలి లోతు మంచు పడ్డాక
మాను ఊపిరి బిగబట్టుకుంటుందట, ఒక్క ఆకూ రాల్చకుండా.
తొంభై ఒకటి దగ్గర కరెంటొచ్చింది.
ఆ చెక్క ఏ బడిపిల్లకు పోయిందో,
మిగతా ఏళ్ళు నా దగ్గర లేవు.

తేనె సీసాలు పట్టుకొచ్చే చెంచు ఉడతన్న
ఒక ముక్క తీసి మూచూశాడు.
నారేప తెలుసు, తపసి తెలుసు,
చిరుమాను కట్టె నిప్పులో ఎట్లా నవ్వుతుందో తెలుసు.
ఎండాకాలం నల్లమల మొత్తం
బట్టలిప్పేసి నిలబడటం తెలుసు.
"ఇది మా కొండది కాదబ్బా" అన్నాడు.
కాసేపటికి మళ్ళీ తనే,
"కొండదే" అన్నాడు.

పీరయ్య మామ
నలభై ఏళ్ళు పలకరాయి కోశాడు.
రాయి పొరలు పొరలుగా విప్పినవాడి
రొమ్ములోకి అదే రాయి
పొర మీద పొర చేరింది.
ఒంగోలు డాక్టరు ఫొటో తీసి
వెలుతురుకెత్తి చూపించాడంట,
తెల్లటి పొగమంచు, రెండు వైపులా.

అట్లాంటి మామ ఒకరోజు గోడ పట్టుకుంటూ వచ్చి
పొట్టు గుట్ట పక్కన కూలబడ్డాడు.
చుట్టలు చుట్టలుగా లేచిన పొట్టు,
కర్పూరానికి చెల్లెలు వరసయ్యే ఆ వాసన.
"ఇక్కడ గాలి ఆడతా ఉందిరా" అన్నాడు.
నిజమో, ఆశో.
మస్తానమ్మత్త పాత చీర చించి దిండు కుట్టింది,
దూదేకుల ఇంట్లో దూది లేని దిండు.
వారం వారం పాతపొట్టు తీసి కొత్తపొట్టు కూరాను.
ఎన్నడూ చూడని చెట్టు కింద
పడమటి బజారులో, రేకుల ఇంట్లో
మామ ఆ ఎండాకాలం కొంత నిద్రపోయాడు.
కొంతే.

చేతికంటిన జిగురు
కిరసనాయిలుకు తప్ప దేనికీ లొంగదు.
అన్నం ముద్దలో అదే, బీడీలో అదే,
నా కూతురి జడ వేస్తే జడలో అదే.

మే నెలలో, కూలి లెక్కలు రాసే పలక
షెడ్డు గోడకు వేలాడుతూ ఉంది.
చట్రంలో ఒక కన్ను ఉంది, కొమ్మ మొలిచిన చోటు.
కోసి ఎన్నేళ్ళయిందో, సముద్రం దాటి ఎన్నాళ్ళయిందో,
ఎండకు ఆ కన్ను ఊరింది.
తేనెరంగు బొట్టు ఒకటి
సాయంత్రం దాకా మెల్లగా జారి
పీరయ్య అనే పేరు మీద,
పక్కనున్న బాకీ అంకె మీద ఆగి, గట్టిపడింది.

తడిగుడ్డతో తుడిచాడు యజమాని. పోలేదు.
గోటితో గీకాడు.
చాకు తెమ్మని నన్ను చూశాడు.
చాకు నా చేతిలోనే ఉంది.
కనబడలేదన్నాను.